ఆఫ్‌సైడ్ గీత మీద నలుగురం

గోల్ పడితే మా కోచ్ అరిచేవాడు కాదు. జేబులోంచి ఎర్ర ట్యాగ్ తీసి, తప్పు చేసినవాడి మెడలో వేసేవాడు. సౌదీలోని రాస్ తనూరా రిఫైనరీలో మేమంతా స్కఫోల్డింగ్, అంటే ఎత్తులో పనిచేసేవాళ్లు ఎక్కడానికి పైపులూ పలకలతో మంచెలు కట్టేవాళ్లం. కట్టినది గట్టిగా ఉంటే దానికి పచ్చ ట్యాగ్ తగిలిస్తారు, ఎక్కితే కూలేలా ఉంటే ఎర్రది. రెండేళ్లలో నా మెడ పచ్చదాన్ని చూసి ఎరగదు.

ఊళ్లో ఉన్నప్పుడు ఆయన ఒక డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీముకు డిఫెన్స్ కోచ్. అదెలాంటి ఉద్యోగమంటే, గోల్ పడితే తప్పు ఆయనది, పడకపోతే ఆయనెవరో ఎవరికీ గుర్తుండదు. టీము కప్పు గెలిచినప్పుడు పేపర్లో ఫోటో వేశారట. అందులో ఈయన మోచెయ్యి వచ్చింది. తర్వాత కాలేజీ ఆ పోస్టు తీసేసింది, ఈయన వీసా తీసుకుని ఇక్కడికొచ్చి ఆరేళ్లుగా పైపులు బిగిస్తున్నాడు. మేం మాత్రం సార్ అనే పిలిచేవాళ్లం.

ఆ ఏడాది ఒక ఆశ పుట్టింది. పక్క ఊళ్లోని టెక్నికల్ కాలేజీలో ఆటల మాస్టారు ఒకాయన, సౌదీ మనిషి, కుర్రాళ్లకు డిఫెన్స్ నేర్పేవాడి కోసం వెతుకుతున్నాడు. శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మా క్యాంపు మ్యాచ్ చూడటానికి వస్తానన్నాడు. నచ్చితే సార్ మళ్లీ కోచ్. మా వీసాల యజమాని కఫీల్ కూడా సరేనన్నాడు. నచ్చకపోతే శనివారం పొద్దున్నే బస్సు, హెల్మెట్, పైనుంచి పడకుండా కట్టుకునే హార్నెస్ బెల్టు, పైపులు.

ఇందులో అసలు చిక్కు నేను. సార్ మాకు నేర్పిన పెద్ద విద్య ఒకటే. అవతలివాడు బంతి ముందుకు తన్నబోయే క్షణంలో వెనక కాసే మేం నలుగురం ఒక్కసారిగా ముందుకు జరగాలి. అప్పుడు మా గోల్ దగ్గర కాచుకున్న అవతలి టీమువాడు మా అందరికన్నా వెనకబడి ఆఫ్‌సైడ్ అవుతాడు, వాడు గోల్ కొట్టినా చెల్లదు. ముగ్గురు జరిగేవారు. నేను ఒక్క అడుగు ఆలస్యం. ఆ ఒక్క అడుగుతో మొత్తం పాడు.

"ఒక్కడు కదిల్తె నలుగురు కదలాలె. మీదికెక్కినంక ఒక్క పలక ఎత్తుగ ఉంటె ఏమైతది?" అని అడిగేవాడు సార్.

"కాలు తట్టుకుంటది సార్."

"గా పలకవు నువ్వే తమ్మీ."

శుక్రవారం వచ్చింది. అవతల దమ్మాంలోని ఒక ఆస్పత్రి డ్రైవర్ల టీము. మా వాడొకడి మోకాలికి బంతి తగిలి గోల్‌లోకి పోవడంతో మేం ఒక్క గోల్ ముందున్నాం. మోకాలు ఆడింది కానీ మనిషికి సంబంధం లేదు. ఇంకా పది నిమిషాలు. మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలో తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నాడు. సార్ గీత పక్కన గుంజలా నిలబడ్డాడు. నా నోరు ఎంత ఎండిపోయిందంటే జోకు కూడా రావడం లేదు.

అప్పుడు రిఫైనరీ సైరన్ మోగింది.

మాకు చేరిన మొదటి రోజే నేర్పిన పాఠం అది. సైరన్ వింటే చేతిలో ఉన్నది వదిలేయాలి. కంచె మీది గుడ్డసంచి చూసి గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవాలి, దానికి అడ్డంగా నడవాలి. గ్యాస్ లీకైతే బతికే దారి అదే. నలుగురం ఆట వదిలేశాం, సంచి వైపు చూశాం, మైదానం మధ్యకు కదిలాం. నలుగురం, ఒక్క గీతలో, ఒక్క అడుగు తేడా లేకుండా. సార్ కూడా నాలుగడుగులు వేశాడు.

డ్రైవర్లకు ఆ సైరన్ సంగతి తెలియదు. వాళ్లు బంతి తన్నారు, గోల్ దగ్గరున్నవాడు తీరిగ్గా లోపలికి తోశాడు, చేతులెత్తి పరిగెత్తాడు. అప్పుడు చూస్తే లైన్స్‌మన్ జెండా పైకి ఉంది. ఆఫ్‌సైడ్! ఈలోగా మైకులో ఇది పరీక్ష మాత్రమేనని చెప్పారు. డ్రైవర్లు రిఫరీ మీద పడ్డారు. ఆట ఆగింది.

మాస్టారు కుర్చీలోంచి లేచి సార్ దగ్గరికొచ్చాడు. ఇంత చక్కగా జరిగిన డిఫెన్స్ తాను చూడలేదని, ఎన్నాళ్లు నేర్పావని ఇంగ్లిష్‌లో అడిగాడు. నీళ్లు తాగడానికి గీత దగ్గరికొచ్చిన నేను, ఆరేళ్లు అను, ఆరేళ్లు అను అని కళ్లతోనే వేడుకున్నాను.

"నేను నేర్పింది కాదు సార్, సైరన్ నేర్పింది," అన్నాడు మా కోచ్. "ప్లాంటులో సైరన్ మోగితే ఇలాగే నడుస్తారు. సైరన్ లేకపోతే ముగ్గురే వస్తారు. నాలుగోవాడు వీడు."

వేలు నా మీదికి వచ్చింది. సౌదీ దేశంలో నాకు దక్కిన మొదటి పరిచయం అది.

మాస్టారు నవ్వలేదు. మిగతా ఆరు నిమిషాలు చూస్తానని వెళ్లి కూర్చున్నాడు.

"సార్, అబద్ధం ఆడరాదా జర?" అన్నాను.

"ఆడ్తె రేపు ఆ కాలేజీల సైరన్ ఎవడు మోగిస్తడురా? పో, నిలబడు."

ఆ ఆరు నిమిషాల్లో నేను గాలి పీల్చిన గుర్తు లేదు. చివర్లో డ్రైవర్లలో ఒకడు బంతి తన్నడానికి కాలు ఎత్తాడు. "జరుగు!" అని సార్ కేక. ముగ్గురు జరిగారు. నేను... ఒక్క అడుగు ఆలస్యం. జెండా లేవలేదు. అవతలివాడు గోల్ వైపు ఒంటరిగా దూసుకుపోతున్నాడు. వాడికి దగ్గర్లో ఉన్న ప్రాణి నేనొక్కణ్నే, ఎందుకంటే ఉండకూడని చోట ఉన్నాను. పరిగెత్తి, కళ్లు మూసుకుని బంతిని కంచె అవతలికి తన్నాను. రిఫరీ ఈల వేశాడు. గెలిచాం.

మాస్టారు వచ్చి, నీ గీతను వీడే చెడగొట్టాడు కదా అన్నాడు.

"చెడగొట్టాడు," అన్నాడు సార్. "కానీ చెడిపోయాక ఏం చేయాలో కూడా నేర్పాను. అది మాత్రం నేర్చుకున్నాడు."

మాస్టారు జేబులోంచి కారు తాళాలు తీశాడు. సోమవారం సాయంత్రం నాలుగింటికి కాలేజీకి రమ్మని, గేటు దగ్గర తన పేరు చెప్పమని అన్నాడు.

కారు కదలగానే నలుగురం కలిసి సార్‌ను భుజాల మీదికి ఎత్తేశాం. ఆయన చెయ్యి నా తలను పట్టుకుంది.

"దించుర్రిరా," అన్నాడు. "గింత ఎత్తుకు హార్నెస్ లేకుంట ఎక్కిస్తర్రా ఎవరన్న?"

దించాం. రూలు రూలే.