మేము చివర చూడని సినిమాలు

వచ్చే గురువారం కార్పెట్ మార్చేవాళ్ళు వస్తారని మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అందుకని ఫ్యామిలీ రూమ్‌లో సామాను పక్కకి జరుపుతుంటే, మా ఆయన కుర్చీ కాళ్ళు చేసిన గుంటలు కనిపించాయి. కిటికీ దగ్గర మొదలుపెట్టి టీవీ వైపు వరసగా అయిదు చోట్ల, మూరెడు మూరెడు దూరంలో. వ్యాక్యూమ్ ఎంత నొక్కి తిప్పినా పైకి లేవలేదు. అక్కడే కింద కూర్చుండిపోయాను. ఈ మధ్య నా మోకాళ్ళు అలాంటి వాటికి ఒప్పుకోవు, అయినా కూర్చున్నాను.

అవి మేము సినిమాలు చూసిన ఏడాది గుంటలు. మా ఆయన మత్తు డాక్టరు. ముప్పయ్యేళ్ళు ఊరందరినీ నిద్రపుచ్చి రిటైరయ్యాక, కళ్ళ డాక్టరు ఆయనకో మాట చెప్పాడు. చూపు నడిమధ్యన మసక మొదలైందని, అంచులు మిగులుతాయని, ఏడాది తిరిగేసరికి మనుషుల ముఖాలు పోల్చుకోవడం కష్టమవుతుందని. తిరిగొచ్చేటప్పుడు నేను ఏడుస్తూ డ్రైవ్ చేస్తున్నాను. ఆయన మాత్రం "మనం చివరిదాకా చూడని సినిమాలు ఎన్నున్నాయంటావు?" అన్నారు.

చాలానే ఉన్నాయి. అమెరికాలో ఈ నేపర్‌విల్ ఊరికి వచ్చిన కొత్తలో తెలుగువాళ్ళం స్కూల్ ఆడిటోరియం మాట్లాడుకుని పాత నలుపు తెలుపు సినిమాలు వేసుకునేవాళ్ళం. సమోసాలూ పలకరింపులూ అయ్యేసరికే ఆలస్యం. అయిదింటికల్లా హాలు ఖాళీ చేయాలి. చివరి రీలు ఎప్పుడూ డబ్బాలోనే ఉండిపోయేది. ఇంట్లో చూసినవాటిని ఆస్పత్రినుంచి మోగే ఆయన పేజర్ మింగేసేది. అందుకే మా ఇంట్లో సినిమాలకి అసలు పేర్లుండవు, ఎందుకాగిపోయాయో ఆ పేర్లే. మంచు సినిమా, పేజర్ సినిమా, పులిహోర సినిమా. ప్రొజెక్టర్ బల్ల మీద పులిహోర గిన్నె పెట్టిందెవరో నేను చెప్పను.

ప్రతి శనివారం మధ్యాహ్నం, భోజనం కాగానే ఒకటి. ముగింపు ఒక్కటే చూద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, మొదటినుంచీ చూడాల్సిందే. మంచు సినిమా ఒక పడవవాడి కథ. ఇన్నేళ్ళూ అతను నదిలో పోయాడనే జాలిపడుతూ వచ్చాం. తీరా చూస్తే చివరి రీల్లో ఒడ్డెక్కి, తల తుడుచుకుంటూ మజ్జిగ అడిగాడు! మా ఆయన చప్పట్లు కొట్టారు. ఆ ఏడాదంతటిలో ఆయనకి బాగా నచ్చింది అదే. నాకు పేజర్ సినిమా. అందులో గయ్యాళి అత్తగారు చివర్లో కోడలికి జడ వేస్తుంది, మాటలేమీ లేకుండా. "ఇన్నేళ్ళూ ఈవిడని అనవసరంగా తిట్టుకున్నాను," అని ఆయన నొచ్చుకున్నారు.

చలికాలానికి కుర్చీ ముందుకి జరిగింది. మంచు కరిగేసరికి మళ్ళీ. చూపు తగ్గిందని ఆయన ఎన్నడూ అనలేదు, సౌండ్ సరిగ్గా రావట్లేదని జరుపుకునేవారు. తల పక్కకి తిప్పి కంటి కొసతో చూస్తుంటే ఎవరిమీదో అలిగినట్టు ఉండేది. తర్వాత తర్వాత హీరోయిన్ ముఖం తెరమీదికి వచ్చినప్పుడల్లా "నవ్విందా?" అని అడగడం మొదలుపెట్టారు. "నవ్విందండీ," అనేదాన్ని. ఏడ్చినప్పుడు కూడా ఒకటి రెండుసార్లు నవ్విందనే చెప్పాను. వెనకనుంచి ఆ వయొలిన్లు నన్ను పట్టించేసేవి.

ఆఖరున కేకు సినిమా మిగిలింది. అప్పట్లో ఒక్క క్యాసెట్ తొమ్మిది ఇళ్ళు తిరిగేది. అది మా ఇంట్లో ఉండగా, ముప్పావు వంతు చూసి ఆపిన మర్నాడే మా అమ్మాయి మొదటి పుట్టినరోజు. కంగారులో ఆయన దాన్నే వీడియో కెమెరాలో పెట్టి, సినిమా చివర మీదే పుట్టినరోజు తీసేశారు. సంగతి తెలియక తర్వాతి ఇంటికి ఇచ్చేశాం. హీరోయిన్ వణికే చేతులతో ఉత్తరం విప్పుతుంది, మరుక్షణం మా అమ్మాయి కేకులో రెండు చేతులూ పెడుతుంది. మా తర్వాత ఇళ్ళవాళ్ళందరూ ఆ ముగింపే చూశారు. "ఇంతకీ ఆ ఉత్తరంలో ఏముందండీ డాక్టరుగారూ?" అని ఇప్పటికీ ఆయన్ని ఆటపట్టిస్తారు.

ఆ శనివారం మా అమ్మాయి, ఇళ్ళన్నీ తిరిగి చివరికి మాకే చేరిన ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తెచ్చింది. కుర్చీ అప్పటికి చేయి చాపితే టీవీ అందేంత దగ్గరికి వచ్చేసింది. ఉత్తరం దగ్గర తనే ఆపింది.

"నాన్నా, ఫుల్ మూవీ ఆన్‌లైన్‌లో దొరికింది. రియల్ ఎండింగ్ ప్లే చేయనా?"

"వద్దమ్మా. మనదే కానీయ్."

కేకు వచ్చింది. ఆయన తల పక్కకి తిప్పి, ముఖం తెరకి ఆనించినంత పని చేసి చాలాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా "నవ్వుతోందా?" అని అడిగారు. మా అమ్మాయి ఆయన చేయి తీసుకుని తన చెంప మీద పెట్టుకుంది.

"స్మైల్ చేస్తున్నాను నాన్నా," అంది, ఏడుస్తూనే.

ఇప్పుడు శనివారాలు నేను చూసి చెబుతాను, ఆయన వింటారు. ఆ ఉత్తరంలో ఏముందో మాకింకా తెలియదు. కాలం ఎటు పోయిందో తెలియలేదని అందరూ అంటారు. మా ఇంట్లో మాత్రం అది కిటికీ దగ్గర బయల్దేరి, అయిదుచోట్ల ఆగి, టీవీ దాకా నడిచింది.