చెత్త గ్రౌండ్‌లో చప్పట్లు

ఇప్పుడు మేముంటున్న స్కోఫీల్డ్స్‌లో మా పక్కింటాయన ఐర్లండ్ మనిషి. ఆదివారం పెరట్లో బార్బీ, అదే మాంసం కాల్చే పొయ్యి, వెలిగించాడంటే, వాళ్ల దేశంలో ఏ ఫుట్‌బాల్ గ్రౌండ్ గొప్పది, ఏది చెత్తది అన్న చర్చ మొదలవుతుంది. అన్నిటికంటే చెత్తదని ఆయన తిట్టేది ఐర్లండ్‌లో నేను చదువుకున్న ఊరి గ్రౌండ్‌నే. నాకు ఒళ్లు మండుతుంది. పైకప్పు లేదు, నిజమే. వానకి టీ చల్లారిపోయేది, అదీ నిజమే. అయినా నాకు అదే ఇష్టం.

అక్కడ చూసిన మొదటి మ్యాచ్‌లో అవతలి జట్టు గోల్ కొడితే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మా ఊరి క్రికెట్‌లో ఎవరు సిక్సర్ కొట్టినా కొట్టేవాళ్లం మరి. స్టాండంతా నావైపు తిరిగింది. వెనకాల కూర్చున్న పెద్దాయన తన మెడలోని ఆ ఊరి జట్టు మఫ్లర్ తీసి నా మెడలో వేశాడు.

ఆ అవతలి జట్టు మా పక్కింటాయనదే.

మొన్న సాసేజ్‌లు తిప్పుతూ, “ఆ గ్రౌండ్‌లో మేం ఎన్ని గోల్స్ కొట్టినా, వాళ్లు ఒక్కసారి చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు మేట్,” అన్నాడు.

“ఒకడు కొట్టాడు. నిలబడి మరీ కొట్టాడు,” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, అన్నిటికంటే పెద్ద సాసేజ్ నా ప్లేట్లో పెట్టాడు.