కార్డు తెచ్చింది నేనొక్కదాన్నే

ఆ రోజుల్లో బయటివాళ్ళంటే ఎక్కడో దూరదేశం నుంచి దిగినవాళ్ళేమీ కాదు. రెండు బస్సులు మారి వస్తే చాలు, మనిషి బయటి మనిషి అయిపోయేది. ఇప్పుడు హిందూపురం చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో పనికి రెండు మూడు రోజులు రైల్లో కూర్చుని పిల్లలు వస్తున్నారు. వాళ్ళను చూసి మా వీధివాళ్ళు "మన పనులన్నీ వీళ్ళే తన్నుకపోతాండారు, మన పిల్లోళ్ళు ఇండ్లల్లో ఉత్తగా కూకోనుండారు" అంటుంటే నేను తల వంచుకుని నా పని చూసుకుంటాను. ఆ మాటలో నిజం లేదని కాదు. అదే మాటను నేను ఒకప్పుడు ఇంతకంటే గట్టిగా, చెయ్యి ఊపి మరీ అన్నదాన్ని. అన్నందుకు ఏం జరిగిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఏం పరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మాది నల్లమాడ పక్కన ఒక పల్లె. వేరుశెనగ తప్ప మరొకటి పండని ఎర్రనేల. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు కరువు వచ్చింది. విత్తనానికి దాచిన కాయలు కూడా ఒలుచుకుని తినేశాక, నన్ను హిందూపురంలో ఉన్న మా అత్త (నాయన చెల్లెలు) దగ్గరికి పంపారు. అక్కడ వేసవి అంతా చింతపండు మండీలలో ఆడవాళ్ళకు పని దొరుకుతుంది. ఆ ఏడు నేను సంపాదించి పంపిన దానితో నాయన విత్తనం కొని వేశాడు. మొలకలు రెండాకులు వేసి మాడిపోయాయి. దానికి తోడు గుంటక తోలుతూ కాలికి దెబ్బ తగిలించుకుని మంచమెక్కాడు. రెండో ఏడు నేను మళ్ళీ బయలుదేరుతుంటే ఆయన ఒకటే మాట అన్నాడు. "ఈసారి గూడా చేను బీడు పెడితే, మళ్ళ దాన్ని దున్నే ధైర్యం నాకు రాదు పాపా." పట్నంలో ఏ అవసరం పడుతుందో అని ఇంటి రేషన్ కార్డును ప్లాస్టిక్ కవరులో చుట్టి నా చేతికిచ్చాడు.

మండీలో పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట. రేకుల కొట్టం కింద వరుసలుగా కూర్చుంటాం. ముందు ఒక గుండురాయి, చేతిలో చిన్న సుత్తి. చింతకాయ పెచ్చు ఊడగొట్టి, ఈనెలు లాగి, గింజ రాల్చి, పండును గంపలో వేయాలి. సాయంత్రం గుమాస్తా గంప తూచి ఎవరి పేరు మీద వాళ్ళది రాసుకుంటాడు. కిలోకు ఇంత అని కూలి. వేళ్ళు నల్లబడతాయి, చిన్న గీత ఉన్నా పులుపు దిగి ప్రాణం పోతుంది. మొదటి ఏడు నన్ను అందరూ "కరువు పిల్ల" అని పిలిచారు. "కరువు పిల్లా, జరుగు", "కరువు పిల్లా, నీళ్ళు తీసకరాపో." నేను పళ్ళు కొరుక్కుని నేర్చుకున్నాను. పనే కాదు, మాట కూడా. డబ్బులు అనడం మాని దుడ్లు అనడం మొదలుపెట్టాను. రెండో ఏడు వచ్చేసరికి నన్ను చూసి ఎవరూ కరువు పిల్ల అనలేదు. నా అంత హిందూపురం మనిషి హిందూపురంలోనే లేదని నాకు గట్టి నమ్మకం.

సరిగ్గా అప్పుడే అమరాపురం వైపు నుంచి పదిమంది ఆడవాళ్ళు మూటలతో దిగారు. వాళ్ళలో పెద్దామెను మేము అమరాపురం అక్క అనేవాళ్ళం. సగం కన్నడ, సగం తెలుగు మాట. వాళ్ళు మాకంటే తక్కువ కూలికి కొడతామన్నారు. మండీ యజమాని సావుకారి మర్నాడే మా దగ్గరికి వచ్చి, "వాళ్ళు ఆ రేటుకు కొడతాండారు. మీకిష్టమైతే కొట్టండి, లేదంటే దోవ అదో" అన్నాడు.

మా వరుసకు పెద్ద తక్కెడక్క. తూచేటప్పుడు తక్కెడ ముల్లు మీద నుంచి కన్ను తిప్పదని ఆ పేరు. ఆమె మొగుడు పని చేసే మిల్లు మూతపడి ఏడాది అయింది. ఆయన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంటే, ఆమె కూలి మీద ఐదుగురు తినాలి. ఆమె కోపంలో న్యాయం ఉంది. నా కోపంలో ఏముందో ఈనాటికీ నాకు తెలియదు. తక్కెడక్క సుత్తి కింద పెట్టి లేస్తే ఆమె కంటే ముందు గేటు దగ్గరికి పరుగెత్తింది నేనే.

"బయటోళ్ళను బయటికి పంపల్ల! ఈడోళ్ళకే పని లేకుంటే, యాడనో ఉండేటోళ్ళకు పనా?" అని అరిచాను. అమరాపురం అక్క తల ఎత్తి నన్ను చూసింది. మళ్ళీ తల వంచి చింతకాయ కొట్టుకుంది. అది చూసి నాకు ఇంకా రేగింది. "ఏమక్కా, చెవుడా? మీ ఊర్లో చింతచెట్లు లేవా?" అన్నాను. (మా ఊళ్ళో ఉన్నవి రెండు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.)

సావుకారి తాపీగా వచ్చాడు. "ఎవురు ఈడోళ్ళో ఎవురు బయటోళ్ళో నాకేం తెలుసునమ్మా? మొగం మీద రాసుండాదా?"

జవాబు తక్కెడక్క కంటే ముందు నాకు తోచింది. తోచకుండా ఉంటే ఎంత బాగుండేది!

"రేషన్ కార్డులు సూడండి సావుకారీ! కార్డులో ఊరి పేరుంటాది గదా. ఉన్నోళ్ళు లోపల, లేనోళ్ళు బయట!"

ఆడవాళ్ళంతా "అదీ మాట!" అన్నారు. తక్కెడక్క నా భుజం తట్టింది. ఆ మండీలో నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. మధ్యాహ్నం కల్లా కార్డులు తెచ్చి చూపాలని సావుకారి చెప్పాడు. నాకేం భయం? మా అత్త తన కార్డులో నన్ను కూతురిగా రాయించి ఉంది. (ఆమెకు అప్పటికే నలుగురు కొడుకులు. కూతురు లేని లోటు కిరోసిన్ కోసం అలా తీర్చుకుంది.) ఇంటికి పరుగెత్తాను. అత్త సంతకు పోయింది. కార్డులు దాచే పెట్టె తెరిచి చెయ్యి పెడితే ప్లాస్టిక్ కవరు తగిలింది. తీసుకుని పరుగెత్తుకు వచ్చాను. కవరులో ఉన్నది ఏ ఊరి కార్డో చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. వచ్చినా ఏం చూసేదాన్ని? అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. అప్పటికి నా కంటికి అన్ని కార్డులూ ఒక్కటే. అదే రంగు, అదే ముద్ర.

గుమాస్తా కండ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు అమరాపురం వాళ్ళను పిలిచాడు.

"కార్డులేవి?"

"ఊర్లో ఉండాయి సామీ," అంది అమరాపురం అక్క. "రేపు తెప్పిస్తాం."

"సరే, రేపు తేండి. పోయి కూకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేం న్యాయమప్పా? నాది సూడు, కార్డంటే ఇట్లుండల్ల!" అని కవరు విప్పి ఆయన ముందు పెట్టాను. ఆయన తెరిచాడు. ఒకసారి చదువుకున్నాడు. కండ్లద్దాల పైనుంచి నన్ను చూసి మళ్ళీ చదివాడు, ఈసారి పైకి.

"నల్లమాడ మండలం."

మండీలో సుత్తుల చప్పుడు ఆగిపోయింది.

"ఇది కాదు సామీ, ఇంకోటుండాది, మా అత్తది..." అన్నాను.

"ఇంటింటికీ ఒగ కార్డుంటే నీకు రెండుండాయా?" అన్నాడు సావుకారి. "అయినా లేనోళ్ళు బయట అని అరిసింది నువ్వే గదమ్మా." వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుని కొట్టమంతా పాకింది. మిగతావాళ్ళు ఇంకా కార్డులు తేనేలేదు, ఆ తరువాత గుమాస్తా అడగనూ లేదు. నేను తక్కెడక్క వైపు చూశాను. ఆమె తన ముందున్న గుండురాయి వైపు చూసుకుంది. బయటివాళ్ళను పంపాలని జరిగిన ఆ గొడవలో చివరికి బయటికి పోయింది ఒకే ఒక్క మనిషి. కార్డు తెచ్చి ఇచ్చినది.

గేటు బయట రాతి మీద కూర్చున్నాను. అరిచినప్పుడు గుర్తు రాని నాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ చేను కళ్ళ ముందుకొచ్చింది. ఆ ఒక్క వేసవి పని పోతే అది బీడు. అది బీడు పడితే మంచం మీది మనిషి ఇక లేవడు. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

అన్నాల వేళకు అమరాపురం అక్క గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. సంగటి ముద్ద, పైన కాస్త చింతాకు పప్పు. నా పక్కన కూర్చుని గిన్నె ముందుకు తోసింది.

"తిను."

"వద్దు."

"అరిసి అరిసి గొంతెండిపోయుంటాది, తినుమ్మా." గిన్నె ఇంకాస్త దగ్గరికి జరిపి అంది. "రేపట్నించి ఎనక పక్క బండ్లొచ్చే దోవలో రా. నా పక్కన కూకో. నా గంపలో ఎయ్యి, నా పేరు మీద తూస్తారు. నీ వంతు నీకిస్తా." లేచి పోతూ తిరిగి చూసింది. "ఈసారి కార్డు మాత్రం తేవాకు."

మర్నాటి నుంచి నేను వెనక వరుసలో, బయటివాళ్ళ మధ్య కూర్చున్నాను. గుమాస్తా చూశాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అమరాపురం వాళ్ళ కార్డులు ఆ వేసవి అంతా "రేపు" వస్తూనే ఉన్నాయి. కూలి మాత్రం అందరికీ తగ్గింది, ముందు వరుసకూ, వెనక వరుసకూ. ఒకరోజు నీళ్ళ కుండ దగ్గర తక్కెడక్క సావుకారి గది వైపు కనుసైగ చేసి నాతో మెల్లగా అంది. "తగ్గించింది ఆయప్ప. మనం అరిసింది ఈళ్ళ మీద." ఆ మాట సావుకారి ముందు మాత్రం ఆమె అనలేదు. నేనూ అనలేదు. మా ఇద్దరి ధైర్యమూ మూటలతో దిగిన ఆడవాళ్ళ దగ్గరే అయిపోయింది.

చివరి రోజు అమరాపురం అక్కను అడిగాను, అన్ని మాటలన్న నన్ను ఎందుకు పక్కన పెట్టుకున్నావని. ఆమె ఈనె లాగుతూనే చెప్పింది. "నిన్ను పంపిచ్చేస్తే ఆ జాగాలో ఇంగొకతొస్తాది గదా. నువ్వు తిట్టేది ఎట్లుంటాదో మాకు తెలుసు. కొత్తది ఎట్ల తిడతాదో ఏమో!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. నాయన ఆ ఏడు విత్తనం కొన్నాడు, కుంటుకుంటూ చేను దున్నాడు. వాన బాగా పడిందని చెప్పలేను, మాకు చాలినంత పడింది. మరుసటి ఏడు ఆమె రాలేదు. ఆమె పేరేమిటో నేను ఎన్నడూ అడగలేదు. ఆమె పేరు మీద ఒక వేసవి అంతా బతికాను.

మొన్న ధర్మవరం నుంచి బస్సులో వస్తున్నాను. పెనుకొండలో ఫ్యాక్టరీ పిల్లలు కొందరు ఎక్కారు. ముందు సీట్లో ఒకాయన, "బస్సులో గూడా వీళ్ళే, మనోళ్ళకు జాగా యాడుండాదప్పా" అన్నాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర మంచి మాటలు ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా కూడబెట్టినవి. గొంతు సవరించుకున్నాను కూడా. ఈలోగా ఒక అమ్మాయి బరువైన సంచీతో నా పక్కకు వచ్చి నిలబడింది. నేను జరిగి చోటిచ్చాను. ఆమె కూర్చుందో లేదో, నా నోటి నుంచి ఆ మంచి మాటల్లో ఒక్కటీ రాలేదు.

"ఏ ఊరమ్మా నీది?" అన్నాను.

ఆమె ఏదో పేరు చెప్పింది. నేను వినని ఊరు. వచ్చీరాని తెలుగులో, నవ్వుతూ, "మీది?" అంది.

"నాదా? హిందూపురమే!" అన్నాను, ఛాతీ విరుచుకుని. అని, కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల నాలో ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది. కాకపోతే ఇప్పుడు అరవడం లేదు, కాస్త మర్యాదగా అడుగుతోంది.