బానెట్లో వంజరం

1981 మే నెల, ఆదివారం. హాజరైనవారు: నేను, నా బావమరిది జోసఫ్, ఫిషింగ్ హార్బరులో సొంత పడవ ఉన్న మా స్నేహితుడు అప్పన్న, జోసఫ్ టాక్సీగా తిప్పే అంబాసిడర్ కారు. పిలవకుండా హాజరైనది మరొకటి ఉంది. దాని సంగతి ఆ పూట డైరీలో రాసుకోలేదు, ఎందుకంటే నాకే తెలియదు. ఆ తెలియనితనం ఒక పెళ్లివిందుకు ఎసరు పెట్టింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అప్పట్లో నాది పోర్టు వర్క్‌షాపులో ఉద్యోగం. ఏ పనైనా వరస తప్పకుండా చేస్తానని నాకు పేరు. ఆ పేరు పెట్టింది ఎక్కువగా నేనే.

ఊరి బయట, వాడకం మానేసిన పాత రన్‌వే మీద కార్ల రేసు పెట్టారు. మేం చేరిన తరగతికి నియమం ఒకటే. కారు పైకి బజార్లో తిరిగే మామూలు కారులా ఉండాలి, లోపల ఇంజనును ఏం చేసుకున్నా అడగరు. పైకి పెద్దమనిషి, లోపల రౌడీ అన్నమాట. నెలల తరబడి నేనూ జోసఫూ ఆ ఇంజనును విప్పి, అరగదీసి, ఒక కార్బురేటర్ ఉండాల్సిన చోట రెండు బిగించాం. ముసలి అంబాసిడర్‌కు పరుగొచ్చింది. దాంతోపాటు ఒక జబ్బూ వచ్చింది. ఎండకు ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు కాగిపోయి, అందులో పెట్రోలు ఆవిరై, కారు అలిగిన కొత్తల్లుడిలా నడిదారిలో ఆగిపోయేది.

మందు నేనే కనిపెట్టాను. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పుతారు కదా. తడిగుడ్డకే అంత గుణముంటే ఐసు మూటకు ఎంత ఉండాలి?

ఇక్కడొక చిక్కుంది. మర్నాడే నా భార్య మేరీ చెల్లెలు రూతు పెళ్లి. పెళ్లికూతురు చర్చికి వెళ్లాల్సింది ఆ కారులోనే.

"ఏటండీ, ఆదివారం పూట గుడి మానేసి రేసులా? కారుకేటైనా అయితే రేపు మా సెల్లిని మీరూ మాయన్నా బుజాల మీద మోసుకెళ్లాల!" అంది మేరీ.

"గీత కూడా పడనివ్వను," అని మాటిచ్చాను. గీత పడలేదు. ఆ ఒక్క మాటా నిలబెట్టుకున్నాను.

రేసు దగ్గరికి అప్పన్న గోనెమూట తెచ్చాడు.

"బావా, ఐసు తెచ్చినాను. అడుగున సూసుకో, అందులో..."

"అడుగూ అంచూ నాకు చెప్పకు అప్పన్నా. ఇంజనీరింగు నాకొదిలెయ్."

టైర్లలో గాలి చూశాను. నట్లు చూశాను. ప్లగ్గులు చూశాను. మూట విప్పి మాత్రం చూడలేదు. అలాగే తీసుకెళ్లి పంపు మీద కట్టేశాను.

జెండా ఊపారు. అంబాసిడర్ తోక తొక్కిన పిల్లిలా దూకింది. అన్నిటికన్నా ముందు మా కారు, దాని వెనకే కలకత్తా నుంచి వచ్చిన తళతళలాడే కారు. నేనూ అప్పన్నా గట్టున నిలబడి గంతులేస్తున్నాం. జోసఫ్ ఒక చుట్టు తిరిగి మా ముందునుంచి పోతూ కిటికీలోంచి అరిచాడు.

"బావా! వాసనొత్తంది!"

"ఏం వాసన? రబ్బరా? ఆయిలా?"

జవాబు మళ్లీ చుట్టు తిరిగొచ్చాక అందింది.

"వేపుడు!"

పక్కనున్న అప్పన్న గంతులు ఆపి నా భుజం పట్టుకున్నాడు. "బావా, సేపలు తీసి పక్కనెట్టినావు కదేటి?"

"ఏ చేపలు?"

"మూటడుగున! రేపు పెళ్లికూతురు పంక్తికని మాయమ్మ వంజరం ముక్కలకి ఉప్పూ కారం రాసి, అరిటాకులో కట్టి ఐసులో ఎట్టి, మీ ఇంటికాడ ఇమ్మంది. సెప్పబోతే ఇంజనీరింగన్నావు!"

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అంటారు. మేం రేసుకు వెళ్తూ పెళ్లిభోజనాన్నే బానెట్లో పెట్టుకున్నాం. ఐసు కరిగి మూట జారి సైలెన్సరు గొట్టం మీద కూర్చుందన్నమాట.

జోసఫ్ మళ్లీ వచ్చాడు. "ఆపీమంటావా?"

ఆపితే రేసు పోతుంది. ఆపకపోతే విందు పోతుంది. ఆ రెండింటి మధ్య నా మనసు ఊగిసలాడిందని రాస్తే అబద్ధమవుతుంది.

"ఆపకు! తోలు!"

ఆఖరి మలుపులో కలకత్తా కారు మా బంపరును ముద్దుపెట్టుకునేంత దగ్గరికి వచ్చింది. ఇక దాటేసినట్టే అనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది ఇంకా వెనకే ఉంది. గెలిచాం! అప్పన్న నన్ను చేపల తట్టలా ఎత్తి తిప్పాడు.

కలకత్తా ఆయన దిగి తిన్నగా మా దగ్గరికి వచ్చాడు. చెయ్యి కలపలేదు. బానెట్ ఎత్తమన్నాడు. ఎత్తాం. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఎప్పుడో దాటేసేవాణ్ణి. దాటితే ఈ వాసన వెనకబడిపోతుందని మనసొప్పలేదు," అన్నాడు హిందీలో.

ఆకు విప్పాం. మా ఆవిడ పెనం మీద కూడా చేపముక్కలు అంత బాగా వేగి ఎరగవు. నలుగురం నిలబడే తిన్నాం.

"బావా, మనం గెలిసింది ఇంజనుతోనా, వంజరంతోనా?" అన్నాడు జోసఫ్ ముల్లు తీస్తూ.

"కప్పు మీద ఆ వివరం రాయరులే."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేం రచ్చ గెలిచి, కప్పు పట్టుకుని భయపడుతూ ఇంటికొచ్చాం. మేరీ కప్పు చూడలేదు. కారు వాసన చూసింది.

"రేపు ఇందులోంచి దిగితే మా సెల్లిని పెళ్లికూతురనుకుంటారా, సేపల తట్టనుకుంటారా?"

మర్నాడు పొద్దున్నే సబ్బుతో, నిమ్మచెక్కలతో తోమి, బానెట్ నిండా మల్లెదండలు కట్టాం. బయల్దేరినప్పుడు మల్లెల వాసనే. మద్దిలపాలెం దాటేసరికి ఇంజను వేడెక్కింది. వెనక సీట్లో తెల్లచీరలో ఉన్న రూతు మేలిముసుగు ఎత్తి, "బావా, నాకాకలేత్తంది," అంది.

చర్చి కిటికీ కింద కారు ఆపాం. సముద్రపు గాలి మిగతా పని చూసుకుంది. మా పాస్టరుగారు ప్రసంగం మొదలుపెడితే పసిపిల్లలకు మీసాలొస్తాయని వాడుక. ఆ రోజు ఆయన గట్టిగా రెండుసార్లు గాలి పీల్చి, "ప్రేమించుకోండి," అని చెప్పి ఉంగరాలు అడిగారు. ముసలివాళ్లంతా మనసులోనే నన్ను దీవించారు. అన్నిటికన్నా వింత, మేరీ నవ్వింది.

విందులో పాస్టరుగారు ఆకంతా వెతికి, "ఆ వంజరమేదయ్యా?" అన్నారు.

"రేసులో ఎలిపోనాదండీ," అన్నాడు అప్పన్న.

చెయ్యి కడుక్కుని, ఆ పెళ్లిపందిట్లోనే డైరీ తీసి ప్రమాణం రాసుకున్నాను: "ఇక బతికున్నంతకాలం, విప్పి చూడకుండా ఏ మూటనూ బానెట్లో పెట్టను. చూశాక పెట్టాల్సి వస్తే, పాస్టరుగారికి కూడా నాలుగు ముక్కలు కలిపి పెడతాను."