రొట్టెల నడుమ బొగ్గు

కర్నూలు బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక కార్గో ఆఫీసులో నేను కౌంటరు మీద కూర్చుంటాను. కువైటు, దుబాయి, మస్కటు, ఇట్లా మా వైపు వాళ్లు ఎక్కడెక్కడ పని చేస్తున్నారో అక్కడికల్లా పెట్టెలు పంపడం మా పని. ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం వచ్చింది గానీ, మా పెట్టెలకు ఆ భాగ్యం ఇంకా పట్టలేదు. అవి రోజూ సాయంత్రం వ్యానెక్కి హైదరాబాదు పోయి, అక్కడ విమానం ఎక్కుతాయి.

విమానంలో పోకూడని వస్తువులను గుర్తుపట్టడానికి నాకు హైదరాబాదులో క్లాసులు చెప్పించి, పరీక్ష పెట్టి, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. మా ఆయన దాన్ని ఫ్రేము కట్టించి మా పెళ్లి ఫొటో పక్కన, దానికంటే జానెడు పైన తగిలించాడు. ఆ క్లాసుల తర్వాత నేను మునుపటి మనిషిని కాను. దోమల మందు డబ్బా, గోళ్ల రంగు, అగ్గిపెట్టె, మా ఆయన గడ్డం గీసుకునే నురగ డబ్బా, ఇంట్లో ఎటు చూసినా నాకు ప్రమాదమే కనిపించేది. పెద్ద స్పీకర్లలో ఉండే అయస్కాంతం కూడా ఆ జాబితాలో ఉందని తెలిశాక, ఆదివారం చర్చిలో పాట పాడుతూ పాడుతూ మైకు సెట్టు వైపు అనుమానంగా చూశాను.

కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడుగుతాను. బ్యాటరీ ఉందా, మండే ద్రవం ఉందా, అంటుకునే వస్తువు ఏదైనా ఉందా. ఎవరేం చెప్పినా చివరికి పెట్టె విప్పించి చూస్తాను. జనానికి ఇది అవమానం. మేము బాంబులు పంపేవాళ్ల మాదిరి ఉన్నామా అని కొట్లాటకు వస్తారు. డోన్ నుంచి వచ్చిన ఒకాయన రాగిపిండిలో పవర్ బ్యాంకు దాచాడు. ఇంకో పెద్దాయన అల్లుడికి పంపే కోటు చేతిలో అత్తరు సీసా పెట్టాడు. అది బయటికి తీసి, ఇంకేమైనా దాచారా అని గట్టిగా అడిగితే, ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా రెండో చేతిలోంచి రెండో సీసా తీశాడు. కోటుకు చేతులు రెండు కదమ్మా అన్నాడు.

అట్లాంటి నేను, ఒక్క పెట్టె మాత్రం విప్పకుండా పంపాను. అది మా అత్త కట్టిన పెట్టె.

మా అత్త ఆలూరు పక్కన ఒక పల్లెలో ఉంటుంది. మాది తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. అత్త అక్కడి స్త్రీల సమాజానికి పెద్ద. దిష్టి తీయడం, తాయెత్తులు కట్టడం, నిమ్మకాయలు తిప్పడం వంటివన్నీ విశ్వాసం తక్కువైనవాళ్లు చేసే పనులని ఆమె చెప్పే సాక్ష్యం ఊరంతా ప్రసిద్ధి. ఒకసారి పక్కింటి కోడలు బిడ్డకు బుగ్గన చుక్క పెట్టిందని ఉపవాస ప్రార్థనలో ఆమె పేరు ఎత్తకుండానే ఆమె వైపే చూస్తూ అత్త అరగంట మాట్లాడింది.

ఆమె కూతురు, అంటే మా ఆడబిడ్డ, కువైటులో నర్సు. అక్కడే పని చేసే అబ్బాయిని పెళ్లి చేసుకుంది. అబ్బాయి మనవాడే, పక్క మండలం వాడే, క్రైస్తవుడే. చిక్కల్లా ఏమంటే అతనిది వేరే చర్చి. మా వాళ్లు పసిబిడ్డ నుదుటి మీద నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తే, వాళ్లు పెద్దయ్యాక మనిషిని నిలువునా నీళ్లలో ముంచి ఇస్తారు. ఈ చెంబెడు నీళ్లకూ తొట్టెడు నీళ్లకూ ఉన్న తేడా వల్ల మా అత్త కూతురితో మాట్లాడటం మానేసింది. పదకొండు నెలలు. మేము ఊరికి పోయినప్పుడు ఫోను వస్తే మా ఆయనకు ఇచ్చేసి కోళ్లను తోలడానికి పోయేది. ఆ సమయంలో దొడ్లో కోళ్లు ఉన్నా లేకున్నా తోలేది.

ఆ మధ్యలోనే ఆడబిడ్డకు నెల తప్పింది. మూడో నెల వచ్చేసరికి వేవిళ్లు మొదలై ఏమీ లోపల నిలవడం లేదు. రెండుసార్లు సెలైన్ ఎక్కించుకుంది. వీడియో కాల్‌లో చూస్తే ముఖం పీక్కుపోయి ఉంది. ఏం తినాలని ఉంది అని అడిగితే, ఎండబెట్టిన జొన్న రొట్టె, చెనిక్కాయల పొడి అంది. అవి మా అత్త చేసినట్టు కర్నూలు జిల్లాలో ఎవరూ చేయలేరు. కానీ అమ్మ చేసినవి కావాలని ఆ పిల్ల నోరు తెరిచి అనలేదు.

అత్తకు ఫోను చేసి సంగతి చెప్పాను. నీ ఆడబిడ్డ, నీ ఇష్టం, పంపాలనుకుంటే పంపుకో, నన్ను అడగడం ఎందుకు అంది. మూడో రోజు ఉదయం ఆలూరు బస్సులో తానే దిగింది. చేతిలో అట్టపెట్టె, దాని చుట్టూ తెల్ల గుడ్డ, ఆ గుడ్డకు దబ్బనంతో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. నేను తూకం మీద పెట్టుకుని చూస్తుంటే హెచ్చరిక చేసింది.

"నేను చేసినానని చెప్పొద్దు మ్మే. నువ్వు చేసినానని చెప్పు. పంపేటోళ్ల కాడ నీ పేరే రాయి."

ఫారంలో పంపేవారి పేరు నాది రాశాను. లోపల ఏముందని అడిగాను. రొట్టెలు, పొడి, అంతే అంది. మూడు ప్రశ్నలూ అడగబోతే, నన్నే అడుగుతావా అన్నట్టు చూసింది. ఆ కుట్లు విప్పితే ఆ రోజు మళ్లీ కుట్టేవాళ్లు లేరు, సాయంత్రం వ్యాను పోతుంది, కువైటులో పిల్ల ఆకలితో ఉంది. పైగా స్త్రీల సమాజం పెద్ద మనిషి అబద్ధం చెబుతుందా. ప్రమాదకరమైనవేవీ లేవని పంపేవారి చోట ఒక సంతకం, తనిఖీ చేశానని ఆఫీసు చోట ఒక సంతకం, రెండూ నేనే పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా హైదరాబాదు కార్గో నుంచి ఫోను వచ్చింది. తనిఖీ చేసే అధికారి. మీ పెట్టె మధ్యలో ఇనప వస్తువు కనిపించి ఆపాము, పంపినవారి నంబరు మీదే ఉంది, తనిఖీ చేసిన సంతకమూ మీదే ఉంది, పెట్టె విప్పడానికి మీరు ఒప్పుకోవాలి అన్నాడు. ఒప్పుకున్నాను. ఫోను పట్టుకునే ఉన్నాను. అటువైపు కుట్లు తెంపుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మా అత్త కుట్టు అంత గట్టిది.

ఫొటో వచ్చింది. రొట్టెల దొంతర సరిగ్గా నడిమికి విప్పి ఉంది. అందులో చిన్న గుడ్డ మూట. మూటలో ఒక బొగ్గు ముక్క, ఒక ఎండు మిరపకాయ, ఒక ఇనప మొల. బొగ్గు పక్కన కొలతకు స్కేలు పెట్టి మరీ తీశారు. కింద ఇంగ్లీషులో వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయో అంకె, దాని ప్రమాద వర్గం రాసి ఉంది. బొగ్గు తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల కింద వస్తుందని ఆ క్లాసులో మా అందరికంటే ముందు చెయ్యెత్తి చెప్పింది నేనే.

మా వైపు ఇంట్లో చేసిన తిండి గడప దాటి దూరం పోతోందంటే, అందులోనూ కడుపుతో ఉన్న మనిషికి పోతోందంటే, అందులో బొగ్గు, దానికి తోడుగా మిరపకాయో మొలో వేయకుండా పంపరు. లేకపోతే దారిలో గాలి సోకుతుందని భయం. ఇది అందరికీ తెలుసు. నాకూ తెలుసు. కానీ మా అత్త వేస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

వివరణ రాసి పంపమన్నాడు ఆ అధికారి. ఏమని రాయాలో తెలియక, అది మా ఇళ్లలో అలవాటండీ, అని మొదలుపెట్టాను. ఆయన నవ్వాడు.

"నాకు తెలీదా మేడమ్. మాది ప్రొద్దుటూరే. మా యమ్మ యాపాకు గూడా పెడ్తాది."

కానీ నవ్వు నవ్వే, రూలు రూలే. బొగ్గు తీసేశాక మళ్లీ పెట్టె కట్టించి పంపుతానన్నాడు. మొల, మిరపకాయ ఉంచమంటారా అని అడిగాడు. బొగ్గు లేకుండా అవి రెండూ ఉండి ఏం చేస్తాయో నాకు అర్థం కాలేదు. అన్నీ తీసేయండి అన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత బాగా అనుభవించాను. వివరణలో, ఇంటి సరుకని విప్పి చూడలేదు, తప్పు నాదే, ఇకమీదట సొంత కుటుంబాన్ని కూడా నమ్మను అని రాశాను. చివరి వాక్యం మా మేనేజరు కొట్టేశాడు.

సాయంత్రం అత్తకు ఫోను చేసి, బొగ్గు తీయించేశానని చెప్పి నిలదీశాను. ఆమె ముందు, ఏ బొగ్గు అంది. తర్వాత, పొయ్యి దగ్గర పెట్టినప్పుడు పడి ఉంటుందేమో అంది. మిరపకాయా మొలా కూడా పొయ్యిలోంచే పడ్డాయా అని అడిగాను. ఆమె గొంతు తగ్గించి, చర్చిలో ఎవరికీ తెలియనీయవద్దని నా చేత ప్రమాణం చేయించుకుంది.

పెట్టె మరో ఐదు రోజులకు చేరింది. ఆడబిడ్డ వీడియో కాల్ చేసింది. రొట్టె విరిచి పొడి అద్దుకుని నా ముందరే తిన్నది. రెండో రొట్టె కూడా తిన్నది. కక్కలేదు. నేను కళ్లు తుడుచుకుంటుంటే ఆ పిల్ల మాత్రం నవ్వకుండా అడిగింది.

"వదినా, ఇవి చేసింది ఎవురు?"

నేనే, అన్నాను. నా రొట్టెలు ఎట్లా ఉంటాయో ఆమెకు తెలుసు.

"రొట్టెలు అమ్మ చేసినట్లే ఉండాయి. కానీ పెట్టెంతా ఎతికినా, బొగ్గు లేదు. నేను హాస్టల్‌కు పోయేటప్పుడు గూడా ఎవురికీ తెలీకుండా పెడతాండె. ఈసారి పెట్టలేదంటే నా మింద కోపం అట్లే ఉండాదిలే."

రూలు ప్రకారం నేను చేయించింది సరైన పనే. కానీ ఆ పెట్టెలో మా అత్త కూతురికి రాసిన ఉత్తరం ఏదైనా ఉందంటే అది ఆ బొగ్గు ముక్కే. దాన్ని తీసేయించింది నేను. ప్రమాణం గుర్తొచ్చింది. చర్చిలో ఎవరికీ చెప్పననే కదా ఒట్టు పెట్టుకుంది, కువైటు మా చర్చి కిందికి రాదు. ఫోను పెట్టేసి, హైదరాబాదు నుంచి వచ్చిన ఆ ఫొటోను, స్కేలుతో, ఇంగ్లీషు రాతతో, ప్రమాద వర్గంతో సహా ఆమెకు పంపాను. చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి.

ఆ ఆదివారం మేము ఊళ్లో ఉన్నాం. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్లు ఏడెనిమిది మంది మా అత్త వాకిట్లో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నారు. అత్త ఫోను మోగింది. ఆమెకు ఫోను చెవికి పెట్టుకునే అలవాటు లేదు. ఎవరు చేసినా స్పీకర్లో పెట్టి కింద పెడుతుంది. ఈసారి పేరు చూసుకోలేదో, చూసే ఎత్తిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"అమ్మా, నాకు బొగ్గు పెట్టినావంట కదా" అంది కూతురు.

వాకిట్లో చెనిక్కాయల చప్పుడు ఆగిపోయింది. అందరూ అత్త వైపు చూశారు. పక్కింటి కోడలు, బుగ్గ చుక్క మనిషి, మరీ తీరిగ్గా చూసింది. అత్త ముఖం నల్లబడింది. మా ఆయన ఫోను అందుకోవడానికి చెయ్యి చాచాడు. కోళ్లను తోలడానికి లేస్తుందని నేను అనుకున్నాను. ఆమె లేవలేదు. ఒళ్లోని పొట్టు దులుపుకుని, మా ఆయన చెయ్యి పక్కకు నెట్టి, ఫోను దగ్గరికి వంగింది.

"నేనైతే పెట్టినా. మీ వదినే తీయించింది."

పదకొండు నెలల తర్వాత ఆమె కూతురితో మాట్లాడిన మొదటి మాట నా మీద చాడీ. నాకు ఏమాత్రం కోపం రాలేదు. అటువైపు పిల్ల ఏడుస్తోంది, ఇటువైపు తల్లి ఏడుస్తోంది. నడుమ సమాజం ఆడవాళ్లలో అందరికంటే పెద్దామె, విశ్వాసంలో మా అత్తకే గురువు లాంటి మనిషి, చెనిక్కాయ చిట్లించుకుంటూ మెల్లగా అడిగింది.

"మొల గూడా ఏసినావా లేదా మ్మే?"