సున్నా చుట్టిన వరసలు

ఆరేళ్లపాటు సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే ఆమె నోటుబుక్కు పట్టుకుని కూర్చునేది. ఆయన కళ్లు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఆ రోజు ఏ కంప్యూటరు ఏ పేచీ పెట్టిందో చెప్పేవాడు. ఆమె రాసేది. ఐదో తరగతితో ఆగిన చదువు, కోడి కెలికినట్టుండే రాత. అయినా ఆయనకి అదే కావాలి. ఇప్పుడు ఆ వేళకి చేతులు ఊరుకోక, మడతపెట్టిన బట్టల్నే విప్పి మళ్లీ మడతపెడుతుంది.

ఆఫీసులో ఎవరి మిషను మొరాయించినా ఫోనులో దారి చెప్పడం ఆయన ఉద్యోగం. ముందుగా "ఆపి మళ్లీ పెట్టండి" అనేవాడు కనుక రీస్టార్టు బాబాయి అని పేరు పడింది. కుదిరిన చిట్కాని అందరూ చూసుకునే ఆఫీసు ఫైల్లో ఎక్కించేవాడు. చేసి చూసి కుదరనివి కూడా ఇంటి పుస్తకంలో ఉండాల్సిందే. వాటి పక్కన సున్నా చుట్టమనేవాడు.

"సున్నాలు బాగా చుడతావోయ్, బళ్లో అలవాటేగా" అని ఏడిపించేవాడు.

ఆయన పోయిన నెలకి పక్క సీటతను వచ్చి ఆయన కళ్లజోడు, టిఫిను డబ్బా ఇచ్చాడు. ఆమె మంచినీళ్లు తెచ్చేసరికి అతని ఫోను బల్లమీది పుస్తకం మీద వంగి ఉంది. గుర్తుగా ఉంటుందని రెండు పేజీలు ఫోటో తీసుకున్నానన్నాడు. రెండు పేజీలకి అన్నిసార్లు టిక్కుమంటుందా అని ఆమెకి అనుమానం పట్టుకుంది. ఆ తర్వాత ఆరోగ్యం ఎలా ఉందంటూ రెండుసార్లు ఫోను చేశాడు. ఆయన ఉండగా ఒక్కనాడూ గుమ్మం తొక్కని మనిషికి ఇంత ఆపేక్ష ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? చెల్లెలితో చెబితే, నీ గీతలు ఎవరిక్కావాలక్కా అని కొట్టిపారేసింది.

మళ్లీ వచ్చినప్పుడు అతను లాప్‌టాప్ తెచ్చాడు. బాబాయి చిట్కాలు పనిచేయడం లేదని, పైవాళ్లు నిలదీస్తున్నారని నసిగాడు. చూపించమంది. ప్రింటరు కాగితం నమిలితే ట్రే మార్చాలి, వైరు మార్చాలి, మూత ఊడదీయాలి, రోలరు తుడవాలి అని తెరమీద ఉంది. ఆమె పుస్తకంలో ఆ పేజీ తీసింది. మొదటి మూడింటికీ సున్నాలున్నాయి.

"సున్నా చుడితే ముఖ్యమైనవేమో అనుకున్నాను వదినా" అన్నాడు.

తెర అడుగున రాసినవారి పేరు అతనిది.

"ఇది మీ పేరు కదా బాబూ?"

"అన్నయ్య లాగిన్ మూసేశారు, ఆయన ఎక్కించినవన్నీ దాంతోనే పోయాయి. కొత్తగా ఎక్కిస్తే ఎవరి పేరూ లేకపోతే తీసేస్తారని..."

"కింద ఒక ముక్క, ఇది ఫలానా ఆయన కనిపెట్టింది అని రాయడానికి చోటు లేదా?"

చోటుందని ఒప్పుకున్నాడు. లాప్‌టాప్ మూసేశాడు.

బీరువాలో ఇంకా పది పుస్తకాలున్నాయని ఆఫీసులో ఆయన చెప్పగా అతనికి తెలుసు. సున్నా లేని వరసలు మాత్రం అన్నిట్లోంచీ ఏరి రాసిపెట్టమని తెల్లకాగితాల కట్ట, పెన్ను బల్లమీద పెట్టాడు. ఆదివారం వస్తానన్నాడు. పేరు సంగతి ఆ తర్వాత తప్పకుండా చూస్తానన్నాడు. ఆ 'తప్పకుండా' మరీ తొందరగా వచ్చిందనిపించింది ఆమెకి.

ఆదివారం వచ్చి కట్ట వైపు చూశాడు.

"రాయలేదా వదినా?"

"ముందు ఆయన పేరు ఎక్కించి నాకు చూపించండి. అది చూశాకే పెన్ను ముట్టుకుంటాను."

ఇవాళ లాప్‌టాప్ తేలేదన్నాడు. ఆమె సరేనంది. తెల్లకాగితాల మీద ఒక్క వరస కూడా రాయకుండా, కట్ట విప్పకుండా, అతనికి కనిపించేలా అక్కడే ఉంచేసింది.