కత్తెరతో తీసిన మాల

సారా ఇంకా ప్యాకెట్లలో అమ్ముతున్న రోజులు. తొంభైల మొదట్లో, ఒక జూన్ నెల మొదటి తారీఖున నన్ను సర్జికల్ వార్డు నుంచి తీసి, తాగుడు మాన్పించే వార్డుకు సిస్టర్ ఇన్‌ఛార్జిగా వేశారు. సికింద్రాబాద్‌లో మిషన్ వాళ్ళు నడిపే ఆసుపత్రి. పన్నెండు మంచాలు, ముగ్గురు స్టాఫ్ నర్సులు, ఇద్దరు అటెండర్లు, ఒక ఆయా. పైన మానసిక వైద్యుడు, ఆయన కింద డ్యూటీ డాక్టరు. ఆ వార్డుకు వేశారంటే మేట్రన్‌కు కోపం వచ్చిందని మాలో ఒక మాట ఉండేది. నా విషయంలో అది నిజమే. నాకు నోటి దురుసు, ఎవరికైనా ఉన్నమాట మొహం మీదే అనేదాన్ని.

తాగుడు మానడం మనసుకు సంబంధించిన సంగతని బయటివాళ్ళు అనుకుంటారు. మొదటి అయిదారు రోజులు అది ఒంటికి సంబంధించిన సంగతే. ఏళ్ళ తరబడి పొద్దస్తమానం తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే పూట తిరక్కుండానే చేతులు వణుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకో నాలుగో రోజుకో కొందరికి మతి చలిస్తుంది. గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తాయి, లేని మనుషులతో మాట్లాడతారు, ఒళ్ళు పెనంలా కాలుతుంది. దీన్ని డెలీరియం అంటాం. మందు పడకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే మా అడ్మిషన్ కాగితంలో పేరు, వయసు అయ్యాక మొదటి ప్రశ్న, చివరిసారి ఎప్పుడు తాగారు, రోజుకు ఎంత తాగుతారు అని. జవాబును బట్టి వణుకు మాత్రల మోతాదు కట్టి, రోజురోజుకూ తగ్గించుకుంటూ వస్తాం. గ్లూకోజ్ ఎక్కించే ముందు బి-వన్ విటమిన్ ఇంజెక్షన్ పడి తీరాలి. అది మర్చిపోయిన నర్సుకు ఆ పూట నా చేతిలో మూడిందన్నమాటే.

అసలు చిక్కు వారం తర్వాత మొదలవుతుంది. ఒళ్ళు బాగుపడింది, ఇంటికి పోతాడు, వీధి మలుపులో దుకాణం ఉంది. ఇంక ఎందుకు తాగకూడదు? ఆ ‘ఎందుకు’కు మా మందుల అలమరాలో ఏమీ లేదు. మా ఆసుపత్రి దానికి ప్రార్థనను నమ్ముకుంది. పొద్దున ఏడింటికి డ్యూటీ మారేటప్పుడు నర్సులం నిలబడి ప్రార్థన చేసేవాళ్ళం. సాయంత్రం పాస్టరుగారు వచ్చి రోగులతో కూర్చునేవారు. రమ్మని ఎవర్నీ బలవంతపెట్టేది లేదు. మాది తెనాలి పక్క క్రైస్తవ కుటుంబం. మా పెద్దన్నయ్య పదేళ్ళ తాగుడు మోకాళ్ళ ప్రార్థనతోనే మానాడు, మళ్ళీ ముట్టలేదు. కాబట్టి ప్రార్థన పనిచేస్తుందా అని నన్నెవరూ అడగక్కర్లేదు, కళ్ళారా చూసినదాన్ని.

యాదగిరి మల్కాజ్‌గిరి మనిషి. చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని. ముప్ఫయ్యారేళ్ళుంటాయి. మంచి పనివాడని వాళ్ళ షాపు యజమాని రెండుసార్లు తనే తీసుకొచ్చి చేర్పించాడు. రెండుసార్లూ యాదగిరి మేం చెప్పినట్టల్లా విన్నాడు. సాయంత్రం ప్రార్థనకు అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు, పాటలు మా స్టాఫ్ నర్సులకన్నా గట్టిగా పాడేవాడు. మొదటిసారి ఇంటికి వెళ్ళాక మూడు వారాలు నిలబడ్డాడు, రెండోసారి పదకొండు రోజులు. రెండోసారి డిశ్చార్జి రోజున, ప్రార్థన మానుకోవద్దు, రోజూ పొద్దున మోకాళ్ళ మీద ఉండు అని చెప్పాను. అతను నవ్వి అన్నాడు: "మీ దేవుడు మంచోడే సిస్టరమ్మా. గని ఆయనకు నేనెవర్నో తెల్వది. మా అయ్యప్పకు తెలుసు."

ఆ మాట నాకు చురుక్కుమంది. మనసులో పెట్టుకున్నాను. పెట్టుకోలేదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

అతను ఊరికే అన్న మాట కాదది. ఆ ముందటేడు కార్తీకంలో యాదగిరి అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాల మెడలో పడితే నలభై ఒక్క రోజులు దీక్ష. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, రెండుపూటలా చన్నీళ్ళ స్నానం, కటిక నేల మీద పడక, మందూ మాంసం ముట్టరాదు. అందరూ అతన్ని స్వామి అనాలి, అతను ఇంటి ఆడవాళ్ళను మాత అనాలి. భార్య సత్తెమ్మ బడిలో ఆయా. ఆ నలభై ఒక్క రోజులూ తన మీద చెయ్యి పడలేదని, "మాతా, జెర నీళ్ళియ్యి" అని అడిగేవాడని, పెళ్ళయ్యాక అంత మర్యాద ఎన్నడూ చూడలేదని నాకు చెప్పింది. శబరిమల కొండకు పోయొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాడు. అయితేనేం, పెద్దయ్యాక అతను తాగకుండా అన్ని రోజులున్నది ఆ ఒక్కసారే. మా వార్డులోని రోజులు రెండుసార్లవీ కలిపినా అందులో సగం లేవు.

మరుసటేడు కార్తీకం ముందు సత్తెమ్మ ఆసుపత్రికి వచ్చింది. వార్డు వరండాలో నిలబడి, ఎల్లుండి మళ్ళీ మాల వేసుకుంటున్నాడని, ఈసారి మాల తీశాక కూడా ముట్టనని బిడ్డల తలల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడని చెప్పింది. ఈసారి మాట తప్పితే ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానని తనూ తెగేసి చెప్పిందట. మాత్రలేమన్నా రాసిస్తారా అని అడిగింది. నేను పొద్దుటి డ్యూటీ అప్పగించి వెళ్ళే తొందరలో ఉన్నాను. మాల వేసుకుంటే మానేస్తాడుగా, పోయినేడు ఏమీ కాలేదుగా, మంచిదే, వేసుకోనియ్యి అన్నాను. ఈసారి అతను నా వార్డులో చేరలేదు, నా చేతిలో కాగితం లేదు, కాగితంలోని ప్రశ్న నా నోటికి రాలేదు.

అడిగి ఉంటే తెలిసేది. అంతకుముందు ఏడాది అతను సాయంత్రాలు తాగే మనిషి. ఈ ఏడాదికి కళ్ళు తెరవగానే ప్యాకెట్ పడితే తప్ప పళ్ళు తోముకోవడానికి చెయ్యి నిలవని స్థితికి వచ్చాడు. అలాంటివాణ్ణి ముందు పదిరోజులు వార్డులో పెట్టి, మాత్రలతో ఒంట్లోంచి సారాను దించి, అప్పుడు మాలకు పంపాలి. నర్సింగు చదివే పిల్లకైనా తెలిసిన సంగతి.

తర్వాత జరిగింది గురుస్వామి చెప్పగా విన్నాను. రెజిమెంటల్ బజార్‌లో టైలరు ఆయన, పద్దెనిమిది సార్లు కొండకు వెళ్ళొచ్చిన పెద్దమనిషి. చుట్టుపక్కల వాళ్ళకు మాల వేసేదీ తీసేదీ ఆయనే. అల్వాల్‌లో పందిరి వేసి, పద్దెనిమిది మెట్ల పీఠం కట్టి, స్వాములంతా అక్కడే ఉన్నారట. మొదటి రోజు యాదగిరికి చేతులు వణికాయి, చన్నీళ్ళ స్నానం వల్లనుకున్నారు. అన్నం తినలేదు, భక్తి అనుకున్నారు. మూడో రోజు సాయంత్రం భజనలో ఒళ్ళంతా ఊగిపోతూ లేచి, పులి వచ్చింది, అదిగో మెట్ల మీద కూర్చుంది అని చూపించాడు. అయ్యప్ప వాహనం పులి. ఇంకేముంది, స్వామి పూనాడన్నారు. కర్పూరం వెలిగించారు, శరణు ఘోష పెట్టారు, ఆడవాళ్ళు కాళ్ళ మీద పడ్డారు. ఒకావిడ తన కొడుక్కు ఉద్యోగం ఎప్పుడొస్తుందో చెప్పమని అడిగిందట, అతను జవాబు కూడా చెప్పాడట. గురుస్వామి ఇదంతా చెప్తూ తల ఎత్తలేదు. తెల్లారి ఫిట్స్ వచ్చి మెట్ల మీద పడ్డాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు.

ఆటోలో వేసుకుని పదకొండింటికి తెచ్చారు. ఒళ్ళు నూట మూడు, నాడి లెక్కకందనంత వేగం, కనుబొమ్మ మీద చీలిక. ఇద్దరు అటెండర్లు పట్టుకున్నా ఆగడం లేదు. డ్యూటీ డాక్టరు ఇంజెక్షన్లు చెప్పారు, ఇచ్చాను. మణికట్లకు దూది చుట్టి బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టసాగాం. మా వార్డులో మతి తప్పిన రోగి మెడలో ఏదీ ఉండకూడదు. గొలుసు, తాయెత్తు, తువ్వాలు ఏదైనా సరే తీసెయ్యాలి. పెనుగులాటలో ఉరిపడి చచ్చిపోయిన కేసులున్నాయి కాబట్టి పెట్టిన నియమం. అది సరైన నియమమే అని ఇప్పటికీ అంటాను.

కుడిచెయ్యి కట్టకముందే యాదగిరి దాన్ని మాలలో దూర్చి గుప్పిట పట్టుకున్నాడు. కళ్ళు మమ్మల్ని చూడ్డం లేదు కానీ ఆ గుప్పిట మాత్రం విడవడు. గురుస్వామి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి అన్నాడు: "రెండు నిమిషాలియ్యి సిస్టరమ్మా. మంత్రం చెప్పి నేనే తీస్త. ఏసినోడు తీస్తే దీక్ష ఇప్పినట్లయితది. కోస్తే తెగినట్లే."

రెండు నిమిషాలు. సూది పడింది, అటెండర్లు పట్టుకునే ఉన్నారు, రెండు నిమిషాలు ఉండేవి. నేను బయట ఉండండి అన్నాను. డ్రెస్సింగు ట్రేలోంచి కత్తెర తీసి దారం కోశాను. డాక్టరు కొయ్యమనలేదు, తీసెయ్యమన్నారంతే. అది తులసిపూసల దండ, అంతే కదా అనుకున్నాను. నా వార్డులో నా దేవుడికి ప్రతి పొద్దునా పది నిమిషాలిచ్చేదాన్ని, అతని దేవుడికి రెండు నిమిషాలివ్వలేదు. వార్డు రిపోర్టులో మెడలోని పూసలు తొలగించడమైనదని రాసి సంతకం పెట్టాను.

ప్రాణం నిలిచింది. నాలుగు రోజులు కష్టపడ్డాం, ఆయాతో సహా ఎవరూ సెలవు పెట్టలేదు. అయిదో రోజు పొద్దున అతనికి తెలివి వచ్చింది. నీళ్ళడిగాడు. తాగి, చెయ్యి మెడ మీదికి పోనిచ్చి, ఇటూ అటూ తడుముకున్నాడు. గురుస్వామి తీశాడా అని అడిగాడు. కాదు, నేను కత్తెరతో కోశాను, లేకపోతే మెడకు బిగిసేది అని చెప్పాను. అబద్ధం చెప్పలేదు, ఆ ఒక్కటే నేను సరిగ్గా చేసిన పని. "గట్లనా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం గురుస్వామిని పిలిపించాను. ఆయన మంచివాడు, నా మీద ఒక్క మాట అనలేదు. తెలియక జరిగింది, స్వామి క్షమిస్తాడు, కొత్త మాల వేసి మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క పెట్టుకుందామని యాదగిరికి ఎంతో చెప్పాడు. యాదగిరి ఒప్పుకోలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చెయ్యనా అంటే వద్దన్నాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, తప్పు నాది, నీది కాదు, మాల వేసుకో అని బతిమాలాను. నా సర్వీసులో రోగిని బతిమాలింది అప్పుడే. అతను అన్నాడు: "నేను ఇడ్సలే సిస్టరమ్మా. గట్టిగనే పట్టుకున్న. ఆయనే నన్ను ఇడ్సిండు."

ఆ తర్వాత మాత్రలు ఇస్తే మింగాడు, అన్నం పెడితే తిన్నాడు. పధ్నాలుగో రోజున డిశ్చార్జి రాశారు. ఒంటి ప్రకారం చూస్తే మా వార్డు నుంచి అంత బాగుపడి వెళ్ళిన మనిషి ఆ ఏడాదిలో లేడు. ఆ సాయంత్రమే తాగాడు. సత్తెమ్మ అన్నమాట ప్రకారం పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. శివరాత్రి ముందు రక్తం కక్కుకుంటే ఇరుగుపొరుగు వాళ్ళు సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. రెండో రోజు పోయాడు.

కర్మకాండలయ్యాక సత్తెమ్మ వచ్చింది, తన సెలవుల లెక్కకు బడిలో ఇవ్వడానికి అతను మా దగ్గర చేరిన తేదీల కాగితం కావాలట. రాసిచ్చాను. నీ మొగుడి విషయంలో నేను రెండు తప్పులు చేశాను అని, రెండూ విడమరిచి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే అనుకున్నాను. కాగితం మడిచి కొంగున కట్టుకుంటూ, "నువ్వైతే పానం కాపాడినవ్ సిస్టరమ్మా. గా పానంతోని ఏం జెయ్యాల్నో ఆయనకు తెల్వకపాయె" అంది. కోపంగా అనలేదు. వెళ్ళిపోయింది. నేను మందుల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

మరుసటి కార్తీకానికి నెల ముందే గురుస్వామి కుట్టుదుకాణానికి వెళ్ళాను. తాగేవాడు మాలకు వస్తే ముందు మా దగ్గరికి పంపండి, పదిరోజుల్లో మీకు అప్పగిస్తాం అన్నాను. ఆయన ఇంకా నలుగురు గురుస్వాముల్ని పరిచయం చేశాడు. మసీదుల నుంచి, మా చర్చీల నుంచి వచ్చేవాళ్ళకూ అదే పద్ధతి పెట్టాం. ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టే ముందు మాకు చూపించమన్నాం. మూడు రోజుల ఉపవాసంలో వణికే మనిషిని దయ్యం వదులుతోందనుకునే పాస్టర్లు మాలోనూ ఉన్నారు, పందిరిలో వాళ్ళను వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. వార్డు నియమంలో ఒక వాక్యం చేర్పించాను. మెడలోది తీసేముందు, వేసినవారు అందుబాటులో ఉంటే వారి చేతనే తీయించాలి. మేట్రన్ కారణం అడిగింది, చెప్పాను, సంతకం పెట్టింది. ఆ పద్ధతిలో కొందరు నిలబడ్డారు, చాలామంది నిలబడలేదు. తాగుడు వార్డులో లెక్క ఎప్పుడూ అలాగే ఉంటుంది.

ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. భక్తి ఎంత ఉన్నా, చివరిసారి ఎప్పుడు తాగావని ముందు అడగాలి. ఒంట్లోంచి సారాను దించడం మా పని, దానికి ప్రార్థన సరిపోదు. ఎందుకు మానాలన్నది మాత్రం రోగి తనతోనే తెచ్చుకుంటాడు, మేం ఇవ్వలేం. అతను తెచ్చుకున్నది మన కంటికి ఎలా కనిపించినా సరే, దాని మీద చెయ్యి వేసేముందు రెండు నిమిషాలు ఆగాలి. నేను ఆగలేదు. యాదగిరి మళ్ళీ మాల వేసుకోలేదు.